మామిడి కోతల్లో ఫ్రెంచి క్రియలు

నేను రిటైరైన కొద్ది రోజులకే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నూజివీడులో నేను పనిచేసిన జూనియర్ కాలేజీలో నా తరవాత ఫ్రెంచి లెక్చరర్‌గా చేరబోతున్న అమ్మాయి. ఎంతో మర్యాదగా అడిగింది. "మేడం, మీ దగ్గర కాంజుగేషన్ నోట్స్ ఏమన్నా ఉంటే ఇస్తారా? వెర్బుల టేబుల్స్ అన్నీ ఒకచోట ఉంటే నాకు ఈజీగా ఉంటుందండి."

ఇచ్చేశాను. ఇవ్వకపోయినా నష్టం లేదు. ఆ పట్టికలు ఇప్పుడు ఫోన్లో నొక్కితే క్షణంలో వస్తాయి. అయితే ఫోన్ పెట్టేశాక నాకు మనసు ఊరుకోలేదు. ఆ అమ్మాయికి నేను ఇవ్వవలసింది నోట్స్ కాదు, ఈ ఉద్యోగం అసలు ఏమిటో చెప్పాలి అనిపించింది. నాకు ఎవరూ చెప్పలేదు. నేర్చుకోవడానికి సగం సర్వీసు పట్టింది. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఇంక్రిమెంట్ల సంగతి, ఇన్‌స్పెక్షన్ల సంగతి ఇందులో ఉండవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే, అన్నిట్లోనూ విసుగే.

ఫ్రెంచి రానివాళ్ళ కోసం ఒక్క మాట. కాంజుగేషన్ అంటే భయపడాల్సిన విషయమేమీ కాదు. వెళ్ళడం అనే పని ఒకటే. నేనైతే వెళ్తాను, నువ్వైతే వెళ్తావు, ఆయనైతే వెళ్తారు, మనమైతే వెళ్తాం. పని చేసే మనిషి మారితే క్రియ చివర మారుతుంది. ఫ్రెంచిలోనూ అంతే. జ వే, త్యు వా, ఇల్ వా, నూ జలోన్. ఇన్నేళ్ళూ నేను తిన్న జీతమంతా ఈ ఒక్క సంగతి చెప్పినందుకే.

మార్కుల భాష

మాది యానాం. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు కాబట్టి అక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ ఆ భాష ఉగ్గుపాలతో వస్తుందని బయటివాళ్ళు అనుకుంటారు. అదేం లేదు. నేను పుదుచ్చేరి వెళ్ళి, హాస్టల్లో ఉండి, కిందా మీదా పడి నేర్చుకున్నాను. మావారి ఉద్యోగం నూజివీడులో కావడంతో ఇక్కడికి వచ్చాను. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ రాఘవరావు గారు నా సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు. "యానాం అమ్మాయివి కదమ్మా, ఇంకేం చూడాలి, రేపే వచ్చెయ్" అన్నారు.

చేరిన మొదటి వారంలోనే నాకు అసలు విషయం తెలిసింది. అడ్మిషన్లప్పుడు తండ్రులు వచ్చి, "ఫ్రెంచి అయితే మార్కులు బాగా పడతాయంట కదండీ, మావాడికి అదే రాసెయ్యండి" అనేవారు. ఆ భాష ఏ దేశంలో మాట్లాడతారని గానీ, అది వస్తే ఏం ఉపయోగమని గానీ ఒక్కరూ అడగలేదు. పరీక్షలో చాలా జవాబులు ఇంగ్లీషులో రాసినా చెల్లిపోయేది. మిగిలిన చోట పట్టికలు బట్టీ పడితే చాలు. పిల్లలు చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టే క్రియలు వల్లించేవారు. మధ్యాహ్నం పూట అరవై గొంతులు కలిసి జ పార్ల్, త్యు పార్ల్ అని, అంటే మాట్లాడతాను, మాట్లాడతావు అని, అరుస్తుంటే, ఎదురుగా ఉన్న టీ కొట్టు ఆయనకు కూడా ఆ క్రియ వచ్చేసింది.

వాళ్ళను నేను ఎగతాళి చేయడం లేదు. మార్కుల కోసమే వచ్చినా వచ్చారు. రాకపోతే ఇంత దూరంలో ఫ్రెంచి చెప్పుకుని బతికే అదృష్టం నాకెక్కడిది? ఆ తండ్రులందరికీ నేను రుణపడి ఉన్నాను. కొత్తగా చేరే వాళ్ళకు చెప్పేది అదే. మీ సబ్జెక్టు మీద ప్రేమతో ఎవరూ రారు. వచ్చాక పుట్టాలి. పుట్టించే పని మీది.

అండి లేకుండా నోరు పెగలదు

మన పిల్లలు ఏ భాష మాట్లాడినా చివర ఒక అండి తగిలిస్తారు. ఫ్రెంచిలో "కాలేజీకి వెళ్తున్నావా?" అని అడిగితే అవుననడానికి "వుయ్ అండి" అనేవారు. ఒకడు "జ వే అండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తరవాత్తరవాత ముద్దొచ్చేది. టీచరుతో మాట్లాడుతూ అండి అనకపోతే ఆ పిల్లలకు నోట్లోంచి మాట రాదు, ఏం చేస్తారు పాపం?

ఒకరోజు ఉండబట్టలేక తెలుగులోనే చెప్పేశాను. "ఒరేయ్, ఎవరితో అండి అంటారో వాళ్ళ దగ్గర వూ, అంటే మీరు, వాడండి. ఎవరితో అనరో వాళ్ళ దగ్గర త్యు వాడండి. అంతే." ఆ రోజు క్లాసులో దీపం వెలిగినట్టయింది. ఇంగ్లీషులో ఎంత పెద్దవాడైనా, ఎంత చిన్నవాడైనా ఒక్కటే 'యూ'. మన తెలుగుకైతే ఈ తేడాలన్నీ పుట్టుకతోనే ఉన్నాయి. ఫ్రెంచికి దగ్గరి దారి తెలుగులోంచి ఉంది. మేమేమో ఇంగ్లీషు చుట్టూ తిరిగి వెళ్తున్నాం.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వరండాలో తిరుగుతున్న రాఘవరావు గారు విననే విన్నారు. తన గదికి పిలిచి, "మేడం, మనది ఇంగ్లీషు మీడియం. పేరెంట్స్ ఫీజు కట్టేది అందుకే. క్లాసులో తెలుగు వినబడకూడదు" అన్నారు. ఆయన మాటంటే మా కాలేజీలో శిలాశాసనం. సరేనండి అని వచ్చేశాను. మళ్ళీ ఇంగ్లీషు దారే పట్టాను.

పట్టికలో అన్నయ్య లేడు

ఇక హైమ సంగతి. రెడ్డిగూడెం నుంచి వచ్చిన పిల్ల. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బైపీసీలో చేరింది. అగ్రికల్చర్ చదవాలని, చెట్లకు వచ్చే తెగుళ్ళ గురించి తెలుసుకోవాలని కోరిక. తండ్రి సాంబయ్య గారు తోటలు గుత్తకు తీసుకుంటారు. అంటే పూత మీదే తోట మాట్లాడుకుని, మందులు కొట్టుకుని, కాపలా కాసుకుని, కోసి అమ్ముకుంటారు. గాలి వచ్చినా, పురుగు వచ్చినా నష్టం వాళ్ళదే.

ఏప్రిల్లో ఫస్టియర్ ఫలితాలు వచ్చాయి. జువాలజీలో, బోటనీలో హైమకు మంచి మార్కులు. ఫ్రెంచిలో ఫెయిల్. కాలేజీ మొత్తం మీద ఫ్రెంచి తప్పింది ఆ ఒక్క పిల్లే. రాఘవరావు గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

"మార్కుల కోసం తీసుకునే సబ్జెక్టులో ఫెయిలేంటి మేడం? బయట తెలిస్తే మన పరువేం కాను? మే నెలలో సప్లిమెంటరీ ఉంది. పాసైతే సెకండియర్లో కూర్చోమనండి. లేదంటే టీసీ తీసుకెళ్ళిపొమ్మనండి."

బోర్డు నిబంధనల ప్రకారం ఒక సబ్జెక్టు మిగిలినా రెండో ఏడు చదవొచ్చు. అయితే మా కాలేజీకి సొంత నిబంధనలు ఉండేవి. బోర్డు నిబంధన సంగతి ఎత్తాను. ఆయన వినిపించుకోలేదు.

ఇంటికి వెళ్ళి హైమ రాసిన పాత స్లిప్ టెస్టు పేపర్లు తీసి చూశాను. నాకు ఆశ్చర్యమేసింది. పట్టికలు ముత్యాల్లా రాసింది, ఒక్క తప్పు లేదు. వాక్యంలో ఖాళీ పూరించమన్న చోట మాత్రం ఖాళీ ఖాళీగానే ఉంది. అంత బాగా వచ్చిన పిల్ల ఇది ఎందుకు వదిలేసిందో నాకు అర్థం కాలేదు. కబురు చేస్తే రాలేదు. కోతలు మొదలయ్యాయని, ఇల్లంతా తోటలోనే ఉంటున్నారని తెలిసింది. నేనే స్కూటీ వేసుకుని రెడ్డిగూడెం బయల్దేరాను.

తోట మధ్యలో రేకుల పాక. ముందు గడ్డి పరిచి, దాని మీద బంగినపల్లి కాయలు రాశులు పోసి ఉన్నాయి. హైమ వాటి ముందు గొంతుక్కూర్చుని సైజుల వారీగా వేరు చేస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచి, చేతులు పావడాకి తుడుచుకుని, తల దించుకుంది. సాంబయ్య గారు కాయలు కోసే వల కట్టిన చిక్కం కర్ర చెట్టుకి ఆనించి వచ్చారు.

"ఎండన పడి వచ్చారేంటండి మేడంగారూ! కూర్చోండి. పిల్ల సంగతే కదండీ? కాలేజీవోళ్ళు ఫోన్ చేశారు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి. కోతలకి మనుషులు దొరకట్లేదు, ఇంట్లోవాళ్ళమే చేసుకుంటన్నాం. ఇప్పుడు దాన్ని రోజూ నూజివీడు పంపటం నావల్ల కాదు. ఈ కాలేజీ పోతే ఇంకో కాలేజీ మాటే లేదు. వచ్చిన కాడికి చదివింది, చాలు."

హైమ చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను పక్కన ఉన్న ప్లాస్టిక్ ట్రే బోర్లించి దాని మీద కూర్చున్నాను. సంచీలోంచి స్లిప్ టెస్టు పేపరు తీసి చూపించాను.

"ఇక్కడ 'మా అన్నయ్యా నేనూ' అని ఉంది కదా. తరవాత ఏం రావాలి? ఎందుకు వదిలేశావు?"

"పట్టికలో నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు అనే ఉందండి." చాలా నెమ్మదిగా చెప్పింది. "అన్నయ్య లేడండి."

నాకు నవ్వూ వచ్చింది, నా మీద నాకు సిగ్గూ వేసింది. ఏడాది పొడుగునా ఆ పిల్ల చేత పట్టికలు వల్లింపించాం. ఆ పట్టికలో ఉన్న నేను అంటే తనేనని, వాళ్ళు అంటే ఇదిగో ఈ తోటలో కాయలు మోస్తున్న వాళ్ళేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఇంగ్లీషులో చెప్పాం. అది ఆమెకు ఇంకో పరాయి భాష.

"పిల్లని నూజివీడు పంపొద్దులెండి సాంబయ్య గారూ. నేనే వస్తాను. తన పని తను చేసుకుంటూనే ఉంటుంది. పని ఆగకుండా చెబుతాను, సరేనా?" అన్నాను.

ఆయన నా మొహం వంక, నా తెల్ల చీర వంక చూశారు. "సొన అంటుకుంటే పోదండి ఆ చీరకి. రేపట్నించి పాతది కట్టుకురండి" అన్నారు. ఒప్పుకున్నట్టేనని నాకు అర్థమైంది.

ఎవరు మోస్తున్నారు?

సెలవుల్లో రోజూ పొద్దున్నే వెళ్ళేదాన్ని. మామిడి కోత అంటే గమ్మత్తైన పని. పైన ఉన్నవాళ్ళు చిక్కంలో కాయ పడగానే కేకేస్తారు. కిందవాళ్ళు అందుకుంటారు. కాయ నేల మీద పడకూడదు, తొడిమ ఊడకూడదు, సొన కాయ మీదికి కారకూడదు. అందుకని ఎవరు ఏం చేస్తున్నారో ఒకళ్ళకొకళ్ళు క్షణక్షణం చెప్పుకుంటూనే ఉంటారు. కోస్తున్నా, పట్టుకో, దింపుతున్నాం, మీరు జరగండి, వాళ్ళు మోస్తారు. అక్కడ నిలబడి వింటుంటే నాకు పాఠం దొరికింది. ఆ తోటలో అన్ని క్రియలూ ఉన్నాయి. అన్నిటికీ మనుషులు ఉన్నారు.

మోయడానికి ఫ్రెంచిలో పోర్తే అంటారు. తేలికైన క్రియ. దానితోనే మొదలుపెట్టాను. పుస్తకం తెరవలేదు. వాళ్ళమ్మ ట్రే ఎత్తుకుని వెళ్తుంటే చూపించి, "ఎవరు మోస్తున్నారు?" అనేదాన్ని. హైమ కాయలు ఏరుతూనే జవాబు చెప్పాలి. మొదటి రెండు రోజులూ ఆ పిల్ల లోలోపల జ పోర్త్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, వల్లించుకుంటూ వెళ్ళి, కావలసిన చోట ఆగేది. అంతలో వాళ్ళమ్మ ట్రే దింపేసి వెనక్కి వచ్చేసేది.

"అంతసేపు ఆలోచిస్తే కాయ కింద పడుద్ది" అన్నాను.

హైమ మొదటిసారి నవ్వింది.

అప్పట్నించి దారిలో పడింది. అమ్మ మోస్తోంది. అమ్మా పిన్నీ మోస్తున్నారు. "నువ్వూ నాన్నా?" అని అడిగితే, ఒక్క క్షణం ఆగి, "నూ పోర్తోన్" అంది. నేనూ నాన్నా అంటే మేము. అన్నయ్యా నేనూ అన్నా మేమే. స్లిప్ టెస్టులో ఖాళీ అక్కడ, ఆ గడ్డి మీద, మామిడి కాయల మధ్య పూడింది.

వాళ్ళమ్మకు అనుమానం వచ్చింది. "మమ్మల్ని చూపించుకుంటా ఏదో అంటన్నారు, తిడతన్నారా ఏంటమ్మా?" అని అడిగింది. కాయ కోయడానికి ఫ్రెంచివాళ్ళు కూడా ఇంచుమించు కోయ్ అనే అంటారని చెబితే, సాంబయ్య గారు చెట్టు మీదనుంచే, "అయితే మనవాళ్ళేనండి!" అని కేకేశారు. సిలబస్‌లో లేని ఆ క్రియ ఇంటిల్లిపాదికీ వచ్చేసింది. నాకు మాత్రం ముంజేతి మీద సొన పడి బొబ్బలెక్కింది. ఇంట్లో మావారు, "ఫ్రెంచి చెప్పడానికి వెళ్తున్నావా, కూలికి వెళ్తున్నావా?" అని ఆటపట్టించేవారు. ఎవరేమన్నా నా జీవితంలో నేను పాఠం చెప్పి అంత సుఖపడిన రోజులు మళ్ళీ లేవు. నల్లబల్ల లేదు, హాజరు లేదు, వరండాలో చెవులు లేవు. ఫ్రెంచికీ తెలుగుకీ మధ్య ఎవరూ అడ్డం లేరు.

కొత్త లెక్చరర్లకు నేను చెప్పేది ఒక్కటే. పట్టిక చెడ్డదేం కాదు. అది ఇల్లు కట్టాక గోడ మీద వేసే నెంబరు లాంటిది. ముందు ఇంట్లో మనుషులు ఉండాలి. పిల్లవాడి నాన్న, వాళ్ళక్క, పక్క బెంచీవాడు వచ్చి ఆ క్రియలో కూర్చోవాలి. ఆ తరవాత పట్టిక రాయించండి, ఎంత రాయించినా హాయిగా రాస్తారు.

గాలివాన

పరీక్ష నాటి తెల్లవారుజామున గాలివాన వచ్చింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే లేచి కూర్చున్నాను. మామిడి దేశంలో మే నెల గాలి అంటే ఏమిటో ఇక్కడ ఎన్నాళ్ళనుంచో ఉన్నదాన్ని, నాకు తెలుసు. రాలిన కాయను ఆ పూటే ఏరి పంపేయాలి, లేకపోతే దెబ్బ తగిలిన చోట నల్లబడి దేనికీ పనికిరాదు. అలాంటి రోజున ఇంట్లో రెండు చేతులు తగ్గితే ఏ రైతు ఊరుకుంటాడు? ఫోన్ చేస్తే కలవలేదు. వాన తగ్గగానే స్కూటీ తీశాను.

తోటలో నేల కనబడలేదు. ఆకులు, కొమ్మలు, కాయలు. ఇంటిల్లిపాదీ వంగి ఏరుతున్నారు. హైమ కూడా. ఓణీ నడుముకి బిగించుకుని, బురదలో కాళ్ళతో, తలెత్తకుండా ఏరుతోంది. నన్ను చూసింది. చూసి మళ్ళీ తల దించేసుకుంది. ఆ పిల్ల పరీక్ష ఆశ వదిలేసుకుందని నాకు తెలిసిపోయింది.

సాంబయ్య గారిని ఏమని అడగను? ఏడాది కష్టం కాళ్ళ కింద పడి ఉంది. నేను కూడా కొంగు దోపుకుని ఒక ట్రే అందుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి ఆ ట్రే నా చేతిలోంచి తీసేసుకున్నారు.

"ఎన్నింటికండీ పరీక్ష?"

"తొమ్మిదికండి."

ఆయన తోట వంక ఒకసారి చూశారు. తరవాత కూతురి వైపు తిరిగి, "హైమా, లే. కాళ్ళు కడుక్కో" అన్నారు.

"నాన్నా, కాయ..."

"కాయ మేం ఏరుతాం. అమ్మ మోస్తది, నేను మోస్తా, పిన్ని మోస్తది. నువ్వెళ్ళి అదే రాయి అక్కడ."

ఆ మాట విని నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఇంతకాలం పాఠాలు చెప్పాను, ఎందరో పెద్దవాళ్ళను చూశాను, ఆ పొద్దున సాంబయ్య గారికి పెట్టినంత నమస్కారం ఇంకెవరికీ మనసులో పెట్టలేదు. హైమ ఉన్న బట్టలతోనే వెనకాల ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా కొమ్మలు అడ్డం పడి ఉన్నాయి. దిగి, తోసుకుని, ఎక్కి, గేటు మూయబోతుండగా సెంటర్‌కి చేరాం. చేతి వేళ్ళకు ఇంకా సొన జిగురు ఉంది. నా కొంగుతో తుడిచి లోపలికి పంపాను.

ఫలితం

హైమ పాసైంది. గొప్ప మార్కులేమీ కాదు, సరిపడా వచ్చాయి. రాఘవరావు గారు జాబితా చూసి, "సెకండియర్లో పేరు రాయించండి" అన్నారు. జాబితా మడిచి పెడుతూ, "తోటలో ఏ మీడియంలో చెప్పారు మేడం?" అని అడిగారు. నిజం చెప్పాను. ఆ తరవాత ఆయన నా క్లాసు ముందునుంచి వెళ్ళేటప్పుడు, తెలుగు చెవిన పడకుండా అన్నట్టు, గబగబా నడిచి వెళ్ళిపోయేవారు. నా సర్వీసులో నాకు దొరికిన పెద్ద అనుమతి అదే. ఆ పెద్దమనిషికి ఇలా కృతజ్ఞతలు.

హైమ ఇప్పుడు వ్యవసాయ శాఖలో పనిచేస్తోంది. తోటల వెంట తిరిగి రైతులకు తెగుళ్ళ గురించి చెబుతుంది. ఆమె ఉద్యోగంలో ఫ్రెంచి ఎక్కడా అక్కరకు రాలేదు. ఇది దాచి ప్రయోజనం లేదు. నేను చెప్పిన భాష నా పిల్లల్లో నూటికి తొంభై మందికి ఎందుకూ పనికి రాలేదు. ఒకప్పుడు ఆ ఆలోచనతో దిగులు పడేదాన్ని. ఇప్పుడు పడను. ఎందుకంటే ఆ ఏడు సెలవుల తరవాత కాలేజీ తెరిచిన రోజు నాకొక జవాబు దొరికింది.

ఆ రోజు హైమ స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడింది. ఉతికిన ఓణీ, రెండు జడలు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఏదో చెప్పాలని వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. తరవాత ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని, "మాదామ్, వూ జెత్ వెన్యు" అంది.

మేడం, మీరు వచ్చారు. అంతే ఆ మాటకు అర్థం. తన కోసం తోట దాకా వచ్చానని.

తోటలో నేను నేర్పింది జరుగుతున్న పనుల గురించే. జరిగిపోయిన పని ఎలా చెప్పాలో నేర్పడానికి మాకు వ్యవధి లేకపోయింది. ఆ పిల్ల పుస్తకం చివరి పేజీల్లో ఎక్కడో వెతుక్కుని, తనంతట తానే కూడబలుక్కుని తెచ్చుకుంది. పరీక్ష అయిపోయింది, మార్కులు వచ్చేశాయి, ఇక దానికి ఎవరూ మార్కు వేయరు. అయినా తెచ్చుకుంది, నాకు చెప్పడానికి. అన్నేళ్ళలో ఒక విద్యార్థి తన మనసులో మాట నాతో ఫ్రెంచిలో చెప్పడం అదే మొదటిసారి.

లేచి వెళ్ళి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, సెకండియర్ క్లాసు గుమ్మం దాకా తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాను.